పాత ఓక్ నేల: గీకించే ముందు తేమ సంగతి తేల్చుకోండి

అమెరికాలోని పాత ఇళ్లలో కార్పెట్ ఎత్తి చూస్తే, ముప్పావు అంగుళం మందమూ రెండుంబావు అంగుళాల వెడల్పూ ఉన్న ఓక్ పలకల నేల తరచుగా బయటపడుతుంది. అలాంటి ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు చాలామంది అద్దెకు గరుకు కాగితపు యంత్రం తెచ్చి నేల పైపొరను గీకించడంతోనే పని మొదలుపెడతారు. కానీ ఈ నేలల్లో కనిపించే లోపాలలో ఎక్కువ వాటికి మూలం తేమే కనుక, ఆ సంగతి తేలకుండా గీకిస్తే బాగుపడవలసిన నేలే పాడవుతుంది.

పలకల అంచులు లేచి, నడుమ గుంట పడింది

పలక పైభాగం కన్నా అడుగుభాగం ఎక్కువ తేమ పీల్చి ఉబ్బినప్పుడు ఇలా జరుగుతుంది. ఆ తేమ బేస్‌మెంట్ చెమ్మ వల్లనో, ఇంటి కింద ప్లాస్టిక్ పట్టా పరవని మట్టి వల్లనో, డిష్‌వాషర్ గొట్టం నుంచి సన్నగా కారే నీటి వల్లనో వస్తుంది. ముందు దాన్ని ఆపి, గాలిలోని తేమను లాగే డీహ్యూమిడిఫైయర్ నడుపుతూ, తేమ మీటరుతో పలకనూ దాని కింది చెక్కనూ వారం వారం కొలిచి, రెంటి మధ్య తేడా 4 శాతం లోపుకు దిగి నిలకడగా ఉండేదాకా ఆగాలి. ఇందుకు నెలలు పట్టవచ్చు. చాలా నేలలు ఆరాక వాటంతటవే చదునవుతాయి. మా భోజనాల గదిని ఆగస్టు ఉక్కలో, అంచులు లేచి ఉండగానే గీకించాను. ఫిబ్రవరికి పలకలు ఆరేసరికి, అరిగిపోయిన అంచులు కిందికి దిగి నడుములు ఉబ్బెత్తుగా తేలాయి. సాయంత్రపు ఏటవాలు వెలుగులో ఒక్కో పలక పక్కన సన్నని నీడగీత ఇప్పటికీ కనిపిస్తుంది.

చలికాలంలో సందులు పడుతున్నాయి

హీటర్ గాలికి చెక్క ఎండి కుంచించుకుపోవడమే దీనికి కారణం. సందులను లప్పంతో నింపకండి. వేసవిలో పలకలు ఉబ్బి దాన్ని బయటికి నెట్టేస్తాయి. గదిలో గాలి తేమను 35 నుంచి 55 శాతం మధ్య ఉంచితే చాలు.

అడుగు వేస్తే కిర్రుమంటోంది

మేకు వదులై పలక కదులుతోందన్నమాట. కింది నుంచి, నేల పైకి పొడుచుకురానంత పొట్టి స్క్రూతో బిగించాలి.

నల్ల మరకలు పోవడం లేదు

ఇనుప మేకు చుట్టూ నీరు చేరితే ఓక్ చెక్కలో సహజంగా ఉండే టానిన్ అనే పదార్థం ఇనుముతో కలిసి నల్లబడుతుంది. ఆక్జాలిక్ ఆమ్ల ద్రావణం ఈ మరకను తీసేస్తుంది. అయితే అది విషం కనుక చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి, తరువాత బాగా కడిగి ఆరనివ్వాలి. కుక్క మూత్రం లోతుగా ఇంకిన చోట మాత్రం పలక మార్చడమే మేలు.

కొత్త పూత అంటుకోవడం లేదు

పాత మైనం మిగిలి ఉంటే పాలీయురేథేన్ అనే గట్టి పారదర్శక పూత పట్టదు. మినరల్ స్పిరిట్‌లో (రంగులు పలుచన చేసే ద్రావకంలో) తడిపిన తెల్లగుడ్డతో ఒక మూల రుద్దినప్పుడు పసుపుపచ్చని మడ్డి అంటితే, మొదట ఆ మైనాన్ని పూర్తిగా తీయాలి.

ఇవన్నీ తేలాకే గీకుడు. వేడిగాలి వచ్చే జాలీని నేలలోంచి ఎత్తితే పలక కోసిన అంచు కనబడుతుంది. పక్క పలక గాడిలో ఇమిడే నాలుక పైన చెక్క పలచగా మిగిలితే యంత్రం పెట్టవద్దు. 1978కి ముందు కట్టిన ఇంట్లో పాత పూతలో సీసం ఉండవచ్చు కనుక ముందుగా పరీక్ష చేయించండి. నూనె పూత తుడిచిన గుడ్డలు కుప్పగా పడి ఉంటే వాటంతటవే వేడెక్కి నిప్పంటుకోవచ్చు. వాటిని ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టాలి, గీకిన చెక్కపొడి సంచిని ఏ పూటకాపూట ఇంటి బయట ఖాళీ చేయాలి.