అడివి అంచు ఊర్లకు మంట రాకుండా: ఆకు రాలే కాలంలో చేయాల్సిన పని

నల్లమలలో ఆకు రాలేది మాఘ, ఫాల్గుణాల్లో. ఫిబ్రవరి నుంచి మే దాకా మన్ననూరు, పదర, లింగాల వైపున్న ఊర్లకు, చెంచు పెంటలకు (చెంచుల గూడేలకు) గండకాలమే. ఇక్కడ నిప్పు చాలావరకు మనిషి చేతిదే: ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు కాల్చడం, తునికాకు చిగురు కోసం గడ్డికి అంటించడం, శ్రీశైలం రోడ్డు పక్కన వండుకుని పొయ్యి ఆర్పకుండా పోవడం, ఆరని బీడీ ముక్క. ఇప్పచెట్టు కింద ఆకును ఊడ్చినా పువ్వు కనబడుతుంది, కాల్చే పనే లేదు.

ఊరికీ అడివికీ నడుమ ఫైర్ లైను, అంటే మంట దాటకుండా గడ్డీ ఆకూ తీసేసిన ఖాళీ పట్టీ, మట్టి తేలేదాకా చెక్కాలి. వెడల్పు కనీసం 15 అడుగులు, బోదగడ్డి ఎత్తుగా ఉన్నచోట 30. చాలా ఊర్లలో దెబ్బతినేది ఇక్కడే: జనవరిలో చెక్కి వదిలేస్తారు, మార్చికల్లా మళ్లీ ఆకు పరుచుకుంటుంది, మంట దాని మీదుగానే దాటుతుంది. వారానికోసారి ఊడ్వండి, గాలి దుమారం వచ్చిన మర్నాడు తప్పకుండా. ఊడ్చిన ఆకు లైను ఒడ్డున కుప్ప పోయొద్దు, పెంటగుంతలో వేయండి.

ఎవరూ పట్టించుకోనిది చేను చుట్టూ వేసిన ముండ్లకంప. ఎండిన కంపకు ఒక మూల అంటుకుంటే నిప్పు దాని వెంబడే పాకి కొట్టం దాకా వస్తుంది. కొట్టానికి 30 అడుగుల లోపు కంప తీసేయండి. గడ్డివాము, పత్తికట్టె కూడా ఇంటికి దూరంగానే ఉండాలి. ఇంటి ముందు 200 లీటర్ల డ్రమ్ము నింపి, నాలుగు గోనెసంచులు దగ్గర పెట్టుకోండి.

పొగ కనబడగానే ఫారెస్టు బీటు ఆఫీసరుకు, 101కి ఫోన్ చేయండి. పశువుల పలుపులు ముందే విప్పండి, కట్టేసిన గొడ్డు తప్పించుకోలేదు. ముసలివాళ్లను, పిల్లలను దున్నిన చెల్కలోకి పంపండి.

ఆర్పేవాళ్లు నూలు బట్టలు, చెప్పులు కాక బూట్లు వేసుకోవాలి. పాలిస్టర్ కరిగి ఒంటికి అతుక్కుంటుంది. మంటకు ఎదురు నిలవొద్దు. కాలిపోయిన నల్లనేల మీద నిలబడి పక్కల నుంచి కొట్టుకుంటూ రావాలి. పచ్చి ఆకుల కొమ్మను గానీ తడి గోనెను గానీ పైకెత్తి విసిరితే నిప్పురవ్వలు అవతల పడతాయి. కొట్టి, ఒక్క క్షణం నేలకు అదిమి పట్టి, కాలిన వైపుకే లాగాలి. మంట నడుమెత్తు దాటితే వెనక్కి వచ్చేయండి, ఆ మంటను కొమ్మలతో ఆపలేరు. గుట్ట మీదికి మాత్రం పరుగెత్తొద్దు, ఎత్తు ఎక్కేకొద్దీ మంట వేగం పెరుగుతుంది.

ఆరిందనుకున్నాక అసలు ఓపిక కావాలి. ఎండుమొద్దుల తొర్రల్లో నిప్పు రాజుకుంటూనే ఉంటుంది, మర్నాడు మధ్యాహ్నం గాలికి మళ్లీ లేస్తుంది. అరచేతి వెనకవైపు మొద్దుకు బెత్తెడు దూరంలో పెట్టి చూడండి. వేడి తగిలితే గొడ్డలితో చీల్చి, నీళ్లు పోసి, మట్టి కప్పండి. రెండు రోజులు పొద్దున, మధ్యాహ్నం ఇద్దరిద్దరు లైను వెంట తిరగండి.