టోర్నమెంటుకు మార్కర్ కొనేముందు గాలి సంగతి చూడండి

బెంగళూరు పీణ్యలో మాది న్యూమాటిక్, అంటే గాలి ఒత్తిడితో నడిచే వాల్వుల రిపేరు షెడ్డు. సొంతూరు మదనపల్లె. పద్దెనిమిదేళ్ళుగా సొలెనాయిడ్లు, రెగ్యులేటర్లు విప్పి బిగించడమే నా పని. ఆదివారాలు పెయింట్‌బాల్ ఆడతాను, అంటే రంగు నింపిన బంతులను గన్నుతో ఒకరినొకరు కొట్టుకునే ఆట. మా జట్టులో ఎక్కువమంది మారతహళ్ళి వైపు ఉండే మన తెలుగు కుర్రాళ్ళే. రెంటు గన్నులతో ఏడాది ఆడాక, టోర్నమెంటు మీద ఆశ పుట్టినవాడు ఎవడైనా ఫోను చేత్తో పట్టుకుని నా దగ్గరికి వస్తాడు. "అన్నా, ఈ రెండిట్లో ఏది కొనాలి?" నేను తిరిగి అడిగేది ఒకటే: "గాలి ఎక్కడ నింపిస్తావు?"

మార్కర్ అంటే పెయింట్‌బాల్ గన్నే. లోపల చూస్తే అది ఒక వాల్వు. మూడు గ్రాముల బంతిని, ప్రతిసారీ అదే వేగంతో బయటికి నెట్టాలి. టోర్నమెంటుల్లో వేగానికి హద్దు సాధారణంగా సెకనుకు 300 అడుగులు, కొన్ని మైదానాల్లో ఇంకా తక్కువ. ఆ హద్దు దాటి కొట్టే మార్కర్‌తో పనిలేదు. పది బంతులు క్రోనో, అంటే బంతి వేగం కొలిచే పరికరం ముందు కొడితే పదీ దగ్గర దగ్గరగా పడాలి. ఒకటి 270, తర్వాతిది 295 వచ్చే గన్నుతో దూరంగా ఉన్న బంకర్ (ఆటగాళ్ళు దాక్కునే అడ్డు) అంచు మీద గురి నిలవదు. పైకి పోయినప్పుడు రిఫరీ పట్టుకుంటాడు, కిందికి పోయినప్పుడు బంతి ఎదుటివాడి ముందే నేలను తాకుతుంది.

ఈ పాఠం నాకు ఒక జనవరిలో వచ్చింది. అప్పుడు నాది కార్బన్ డయాక్సైడ్ బాటిల్‌తో నడిచే పాత గన్ను. పొద్దున ఏడింటికి చలిలో క్రోనో దగ్గర 275కి సరిచేసి పెట్టుకున్నాను. మధ్యాహ్నం ఎండలో మూడో ఆటకు దిగితే 300 దాటేసింది. నన్ను బయటికి పంపారు, నలుగురితో ఆడిన మావాళ్ళు ఓడిపోయారు. తప్పు గన్నుది కాదు. ఆ వాయువు బాటిల్లో ద్రవంగా ఉంటుంది, దాని ఒత్తిడి ఎండను బట్టి మారుతుంది: 15 డిగ్రీలకు సుమారు 51 బార్, 30 డిగ్రీలకు 72 బార్. వరసగా కొడితే బాటిల్ చల్లబడి ఒత్తిడి మళ్ళీ పడిపోతుంది. ద్రవం లోపలికి జారితే సొలెనాయిడ్, అంటే కరెంటుతో తెరుచుకునే చిన్న వాల్వు పాడవుతుంది. అందుకే టోర్నమెంటుకు హైప్రెషర్ గాలే వాడాలి, ఇందులో రెండో మాట లేదు.

గాలి ట్యాంకుల్లో అల్యూమినియంవి 3000 పీఎస్ఐ, అంటే సుమారు 207 బార్. కార్బన్ ఫైబర్ చుట్టినవి 4500, అంటే 310 బార్. పంక్చర్ షాపు కంప్రెసర్ దీనికి ఏ మూలకూ చాలదు. మీరు ప్రాక్టీసు చేసే మైదానానికి పోయి, వాళ్ళు ఎన్ని బార్ల దాకా నింపుతారో గేజి చూసి రాసుకోండి. అక్కడ 200 దగ్గరే ఆగిపోతే, మీ 4500 ట్యాంకులో పట్టేది మూడింట రెండు వంతులే. అప్పుడు తక్కువ గాలి తాగే మార్కర్ కావాలి.

లెక్క వేసి చూద్దాం. హాపర్, అంటే గన్ను మీదుండే బంతుల డబ్బాలో 200 బంతులు, నడుముకు కట్టుకున్న ఐదు పాడ్లలో (బంతుల గొట్టాల్లో) ఒక్కోదానిలో 140. మొత్తం 900. ఒక్క నింపుడుతో ఈ 900 బంతులూ వేగం తగ్గకుండా పోవాలి. కొనేముందు ఆ మార్కర్ ఉన్నవాళ్ళను బతిమాలైనా సరే, వాళ్ళ గన్నుతో ఇది పరీక్షించండి. పెయింట్ (రంగు బంతుల) ఖర్చు పంచుకోండి.

ట్యాంకు మీద హైడ్రో పరీక్ష (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) చేసిన నెల, సంవత్సరం ఉంటాయి. ఐదేళ్ళకొకసారి ఆ పరీక్ష మళ్ళీ చేయించాలి. మన దేశంలో సిలిండర్ల వ్యవహారం పెసో అనే కేంద్ర ప్రభుత్వ భద్రతా సంస్థ చూస్తుంది కాబట్టి విదేశం నుంచి తెప్పించే ముందు అనుమతి సంగతి కనుక్కోండి. మార్కర్‌కైతే కస్టమ్స్‌లోనూ, పోలీసుల లైసెన్సు విభాగంలోనూ కాగితం మీద అడిగి జవాబు తీసుకోండి. గాలి నింపే నిపుల్ (ట్యాంకుకు గాలి ఎక్కించే మూతి) మీద మాత్రం ఎప్పుడూ నూనె చుక్క వేయకండి. ఆ ఒత్తిడిలో నూనె అంటుకుంటుంది. షెడ్డులో పిల్లలకు నేను మొదటిరోజే చెప్పే మాట ఇది.

ఇక మార్కర్. మీరు ఆడబోయే టోర్నమెంటు నియమాలు ముందు చదవండి. కొన్నిట్లో మెకానికల్ వాటికే చోటు, అంటే ట్రిగ్గర్ ఒక్కో నొక్కుకు ఒక్కో బంతి. కొన్నిట్లో ర్యాంపింగ్ ఒప్పుకుంటారు: మొదటి కొన్ని నొక్కుల తర్వాత సర్క్యూట్ బోర్డే వేగం అందుకుంటుంది, సెకనుకు పది బంతుల పై చిల్లర దగ్గర హద్దు పెడతారు. ఆ హద్దు బోర్డులో సరిగ్గా పెట్టుకునే వీలుండాలి. పది చొప్పున కొడితే హాపర్ ఇరవై సెకన్లలో ఖాళీ. కాబట్టి దానంతట అదే బంతులను కిందికి నెట్టే ఎలక్ట్రానిక్ లోడర్ కూడా ఖర్చులో కలుపుకోండి.

లోపలి నిర్మాణం రెండు రకాలు. పాపెట్ వాల్వుది సుత్తి దెబ్బలా తెరుచుకుంటుంది, చేతికి అదురు తెలుస్తుంది. స్పూల్ రకంలో బంతిని ముందుకు నెట్టే బోల్టే జారుతూ గాలిని వదులుతుంది, మెత్తగా ఉంటుంది, పెళుసు పెయింట్‌ను కూడా పగలగొట్టదు. ఒకప్పుడు స్పూల్‌వి గాలి ఎక్కువ తాగేవి, ఇప్పుడు ఆ తేడా బాగా తగ్గింది. కానీ స్పూల్‌కు ఓ-రింగులే (గాలి కారకుండా ఆపే గుండ్రటి రబ్బరు రింగులు) ప్రాణం. వాటికి గ్రీజు ఆరిపోతే మొదటి బంతి నీరసంగా పోతుంది. మా కుర్రాళ్ళకు నేను ఎక్కువగా చెప్పేది ప్లానెట్ ఎక్లిప్స్ వాళ్ళ ఈథా, ఎమెక్. ఎమెక్ మెకానికల్, ఈథా ఎలక్ట్రానిక్‌గా దొరుకుతుంది. రెండిట్లోనూ గామా కోర్ అనే బోల్టే వాడిన మోడళ్ళున్నాయి. జట్టులో ఐదుగురికీ అదే బోల్టు ఉంటే ఒకరి సామాను ఇంకొకరికి పనికొస్తుంది. ఇంతకంటే ఖరీదైనవి చాలా ఉన్నాయి, అందంగానూ ఉంటాయి. వాటి సీలు ఒకటి చిరిగితే ఎన్ని వారాలు ఎదురుచూడాలో కొనేముందే అడగండి.

ఎస్పీ రోడ్డులో మామూలు ఓ-రింగులు దొరుకుతాయి. ట్యాంకు మూతి దగ్గరది 015 సైజు: లోపలి వ్యాసం 14 మిల్లీమీటర్లు, మందం 1.78. అక్కడ నల్ల నైట్రైల్ రబ్బరుది పెట్టకండి, త్వరగా చిరిగిపోతుంది. 90 గట్టిదనం ఉన్న యురేథేన్ అడిగి తీసుకోండి.

చేతిలోకి తీసుకుని చూడటం తప్పనిసరి. మాస్కు పెట్టుకోండి, ట్యాంకూ నిండు హాపరూ బిగించండి, మోకాళ్ళ మీద కూర్చుని గోడ మూల నుంచి ఎడమచేత్తో గురి చూడండి. కుడిచేత్తో ఏ గన్నయినా బాగానే అనిపిస్తుంది. ఎడమవైపు తిరిగినప్పుడు హాపర్ కళ్ళకు అడ్డొస్తుందా, ట్యాంకు భుజానికి కుదురుతుందా అన్నది అసలు పరీక్ష. ఈ ఒక్క పరీక్షతో మా జట్టులో ఇద్దరు కొనబోయిన గన్ను మానేసి వేరేది తీసుకున్నారు.

పేరు మార్కర్ ఎందుకైందో కూడా చెబుతాను. 1981లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో పన్నెండుమంది మొదటి ఆట ఆడింది నెల్‌స్పాట్ 007 అనే పిస్తోలుతో. చెట్లకు, పశువులకు రంగు గుర్తులు పెట్టడానికి చేసిన పనిముట్టు అది.

బ్యారెల్ విషయంలో పొడవు గురించి కొట్టుకోకండి. పద్నాలుగు అంగుళాలు చాలు. లోపలి వ్యాసమే ముఖ్యం. బంతుల తొడుగు జెలాటిన్‌ది, తేమకు ఉబ్బుతుంది. బెంగళూరులో వదులుగా జారిన డబ్బాలోని పెయింటే చెన్నైలో రెండురోజులు మూత తీసి ఉంచేసరికి మా బ్యారెల్‌లో ఇరుక్కుంది. బ్యారెల్‌ను మార్కర్ నుంచి విప్పి బంతి వేయండి. దానంతట అది జారిపోతే వదులు, నోటితో ఊదితే కదిలిపోతే సరి, ఊదినా కదలకపోతే బిగువు. వ్యాసం మార్చుకునే ఇన్సర్టులున్న బ్యారెల్ కొంటే ఈ బాధ తీరుతుంది.

వాడిన మార్కర్ కొంటుంటే గాలి ఎక్కించి పది నిమిషాలు పక్కన పెట్టండి, సబ్బు నీళ్ళు రాసి బుడగలు చూడండి. బంతి పూర్తిగా దిగిందో లేదో చూసే సెన్సర్ పనిచేస్తోందా అని ఖాళీ గన్నుతో నొక్కి చూడండి. సెన్సర్ ఆన్‌లో ఉన్నప్పుడు బంతి లేకుండా గన్ను పేలకూడదు. పరీక్ష అయ్యేదాకా ఎవరూ మాస్కు తీయకూడదు. ఆ తర్వాత బ్యారెల్‌కు గుడ్డ తొడుగు వేసి, ట్యాంకు విప్పి, అప్పుడు ధర మాట్లాడండి.