కడప బండల మీద నూనె మరకలా? యాసిడ్ మాత్రం పోయకండి

మన కడపలో చాలా ఇళ్లలో నల్ల బండలే కదా. మరక మొండికేస్తే అందరి చెయ్యీ బాత్రూం యాసిడ్ సీసా మీదికే పోతుంది. వద్దండి. ఇది సున్నపురాయి. యాసిడ్ పడగానే బుసబుసమని నురగొచ్చి పైపొరను తినేస్తుంది. మరక పోయినా తెల్లటి మచ్చ మిగులుతుంది, ఇక పాలిష్ పట్టించాల్సిందే. నిమ్మరసం, చింతపండు కూడా అదే పని చేస్తాయి, కాకపోతే నిదానంగా.

నూనె మరకైతే వంటసోడాలో కాసిని నీళ్లు కలిపి, గారెల పిండిలా గట్టిగా చేసుకుని మందంగా మెత్తండి. పైన ప్లాస్టిక్ కవర్ కప్పి, అంచులకు టేపు అంటించి రాత్రంతా వదిలేయండి. పొద్దున కవర్ తీసి, ముద్ద పూర్తిగా ఆరాక అట్టముక్కతో గీకేయండి. ఆరేటప్పుడే అది నూనెను పైకి లాగుతుంది, అందుకే తొందరపడొద్దు. పాత మరకైతే మళ్లీ ఒకటి రెండుసార్లు పెట్టాలి. ఇనుప పీచు వాడితే గీతలు పడతాయి.

మిద్దె మీద, వాకిట్లో బండలను ఎండాకాలం మధ్యాహ్నం కడగొద్దు. కాళ్లు కాలే బండ మీద సబ్బునీళ్లు తుడిచేలోపే ఆరిపోయి చారలు కడతాయి. తెల్లారేసరికి పని ముగించుకోండి.