తొంభై సెంటీమీటర్ల పలక మీద స్టేషను, వెనక శేషాచలం

అలమరాలో ఒక అర ఖాళీగా ఉంటే రైలు డయోరమాకి, అంటే ఒక దృశ్యాన్ని చిన్నగా చేసి చూపే నమూనాకి, అది చాలు. 90 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు లెక్కేసుకుందాం. తిరుపతి నుంచి చంద్రగిరి మీదుగా పాకాల వెళ్లే దారిలో కనపడేలాంటి చిన్న స్టేషను, ఒకే లైను, వెనక కొండ. అంతే. చోటు తక్కువని గోపురం, ఘాట్ రోడ్డు, సొరంగం, చెరువు అన్నీ కుక్కితే అది బొమ్మల కొలువు అవుతుంది, స్టేషను కాదు. తక్కువ వస్తువులు, సరైన కొలతలు: నిజంలా కనపడటానికి కిటుకు ఇదే.

స్కేలు హెచ్‌ఓ, అంటే 1:87 (నిజం కన్నా 87 రెట్లు చిన్నది) తీసుకోండి. ఐసీఎఫ్ రకం ప్రయాణికుల పెట్టె నిజంగా 21.3 మీటర్లు, ఇక్కడ 24.5 సెంటీమీటర్లు. డబ్ల్యూఏపీ-7 కరెంటు ఇంజను 23.6 సెంటీమీటర్లు. ఇంజనూ రెండు పెట్టెలూ పెడితే పలక నిండిపోయి స్టేషను కనపడదు. ఇంజను, ఒక పెట్టె చాలు. రెండో పెట్టె కావాలంటే సగం కోసి, కోసిన చోటు పలక అంచున చింతచెట్టు చాటుకి పోయేలా పెట్టండి. రైలు ఇంకా ఉందని చూసేవాళ్లే అనుకుంటారు.

ఒక ఇబ్బంది ముందే తెలిసుండాలి. మన బ్రాడ్ గేజ్ (రెండు పట్టాల మధ్య ఎడం) 1676 మిల్లీమీటర్లు, 87తో భాగిస్తే 19.3. బజారులో దొరికే హెచ్‌ఓ పట్టా 16.5. ఎదురుగా నిలబడి చూస్తే పెట్టె కింద పట్టాలు ఇరుకుగా కనపడతాయి, పక్కనుంచి చూస్తే తెలియదు. అందుకే రైలు పక్కభాగమే కనపడేలా అమర్చాలి. ఈ దారి ఒకప్పుడు మీటరు గేజి. ఆ కాలం చెయ్యాలనుకునేవాళ్లకి 12 మిల్లీమీటర్ల హెచ్‌ఓఎమ్ (హెచ్‌ఓ స్కేల్లో మీటరు గేజి) పట్టా దాదాపు కచ్చితంగా సరిపోతుంది (1000/87 = 11.5).

పలక 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, కింద ఒకటి బై రెండు అంగుళాల రీపర్ల చట్రం. పైనా కిందా రెండు వైపులా పెయింటు వెయ్యండి. ఒకవైపే వేస్తే కార్తీక మాసపు వానల్లో రెండోవైపు తేమ పీల్చి వంగుతుంది. ప్లైవుడ్ మీద 25 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ ఫోమ్ (గింజలు లేని గట్టి ఫోమ్) షీటు అతికించండి. మామూలు థర్మోకోల్ కోస్తే గింజలు రాలుతుంది, కానీ అది తప్ప దొరక్కపోతే ఫర్వాలేదు. ఫెవికాల్ తెల్లదే వాడాలి. రబ్బరు గమ్ము, స్ప్రే పెయింటు రెండూ ఫోమును తినేస్తాయి. రెండు షీట్ల మధ్య గాలి ఆడదు కాబట్టి ఫెవికాల్ ఆరడానికి రెండు రోజులు పడుతుంది. పైన బరువు పెట్టి కదపకుండా వదిలెయ్యండి.

ఫోము ఎందుకంటే, దాన్ని చెక్కి నేలను పట్టా కన్నా కిందికి దించొచ్చు. పట్టాకి ముందువైపు ఒకటిన్నర సెంటీమీటరు లోతున వాగు చెక్కి, దాని మీద చిన్న తూము కట్టండి. నేలంతా పట్టా మట్టంలోనే ఉంటే ఎంత పనితనం చూపినా బల్ల మీద పెట్టినట్టే ఉంటుంది. పట్టా కూడా పలక అంచుకి సమాంతరంగా వద్దు: ముందు అంచు నుంచి ఎడమవైపు 8, కుడివైపు 12 సెంటీమీటర్ల దూరంలో వచ్చేలా వాలుగా గీత గీసుకోండి.

ముందు కొండ పని ముగించాలి, ప్లాస్టరు పట్టా మీద పడకూడదు కదా. నిజమైన కొండ మైదానం నుంచి ఆరేడు వందల మీటర్లు లేస్తుంది. అదే లెక్కన ఇక్కడ ఏడు మీటర్లకి పైగా కావాలి! కాబట్టి కొండకి స్కేలు పాటించకండి. వెనక అంచున 5 సెంటీమీటర్ల మందం, 22 నుంచి 25 సెంటీమీటర్ల ఎత్తు చాలు. ఆకారం మాత్రం సరిగ్గా రావాలి. తిరుమల కొండల్లో కింద గ్రానైటు, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైటు. ఆ రెండూ కలిసే గీతే ఘాట్ రోడ్డులో జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించిన ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ. దూరం నుంచి చూసినా తేడా తెలుస్తుంది: కింద చెట్లతో నిండిన వాలు, పైన నిట్టనిలువు ఎర్రటి గోడ, అందులో అడ్డగీతలు. చాలామంది కొండను మొత్తం ఒకే వాలుగా పోసేస్తారు, అది ఏ ఊరి కొండైనా కావచ్చు.

పైగోడకి ఫాల్స్ సీలింగ్ మినరల్ ఫైబర్ పలకలు వాడండి. కొయ్యకుండా చేత్తో విరవండి, విరిగిన అంచే రాతి పొరలా ఉంటుంది. దుమ్ము లేస్తుంది, మూతికి మాస్కు తప్పనిసరి. ఐదారు పొరలు అడ్డంగా పేర్చి, అక్కడక్కడా నిలువు పగుళ్లు గీయండి. కింది వాలుకి న్యూస్‌పేపరు ఉండలు పేర్చి, మందుల షాపులో దొరికే గాజుగుడ్డ ముక్కల్ని ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచి రెండు పొరలు పరవండి. ప్లాస్టరు కొంచెం కొంచెంగా కలుపుకోండి, పది నిమిషాల్లో గట్టిపడిపోతుంది.

గోడ ఎర్రగా కనపడుతుందని ఉత్త ఎరుపు రంగు వెయ్యకండి. పసుపు మట్టి రంగు పలచగా, దాని మీద బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు) నీళ్లలా, ఆరాక తెలుపు కలిపిన గోధుమరంగుని పొడి బ్రష్షుతో అంచులకి. చివర్లో నీలం, తెలుపు కలిపిన చాలా పలచని నీళ్ల పూత. దూరం అనే భ్రమ దాంతోనే వస్తుంది. కొండ మీద మానులున్న చెట్లు పెట్టకండి. ఒకటి రెండు మిల్లీమీటర్ల స్పాంజి పొడి చల్లితే సరి.

ఇక పట్టా. ఫ్లెక్స్ ట్రాక్ (కావలసినట్టు వంచుకునే పట్టా) ముక్క 914 మిల్లీమీటర్లుంటుంది, ఒకటి సరిపోతుంది. కోడ్ 75 గానీ 83 గానీ తీసుకోండి (కోడ్ అంటే పట్టా ఎత్తు, అంగుళంలో వెయ్యో వంతుల్లో). నిజమైన 60 కిలోల పట్టా (మీటరుకి అంత బరువు) 172 మిల్లీమీటర్ల ఎత్తు, స్కేల్లో 2 మిల్లీమీటర్లు. కోడ్ 100 పట్టా రెండున్నర, చూడగానే లావుగా ఉంటుంది. 3 మిల్లీమీటర్ల కార్కు మీద అతికించి, స్లీపర్లకి కాంక్రీటు బూడిదరంగు, పట్టాల పక్కలకి తుప్పు రంగు వెయ్యండి. రైలు నడపాలంటే పట్టాల పైభాగానికి ముందే టేపు అంటించండి.

కంకరకి డబ్బు పెట్టి కొనొద్దు. క్రషర్ డస్టు మన గ్రానైటుదే, రంగు అదే వస్తుంది. నిజమైన కంకర 50 నుంచి 65 మిల్లీమీటర్లు, స్కేల్లో 0.6 నుంచి 0.75. రవ్వ జల్లెడలో జల్లించి పెద్దవి తీసెయ్యండి, తర్వాత పిండి జల్లెడలో జల్లించి దుమ్ము వదలగొట్టండి. కడిగి ఎండబెట్టి, అయస్కాంతం తిప్పండి. ఇనుప రజను ఉంటే ఇంజను మోటారులోకి పోతుంది. టీ గ్లాసుడు చాలు. పొడిగా పోసి మెత్తటి బ్రష్షుతో సర్దాక, సర్జికల్ స్పిరిట్ పొగమంచులా కొట్టి తడపండి. ఆ తర్వాతే ఒక వంతు ఫెవికాల్, మూడు వంతుల నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు కలిపి సిరంజితో చుక్కలు చుక్కలుగా వదలండి. ముందు తడపకపోతే జిగురు ఉండకట్టి కంకరను లేపేస్తుంది, గుంటలు పడతాయి. ఎండాకాలం మధ్యాహ్నం ఈ పని పెట్టుకోకండి, లోపలికి ఇంకకముందే పైన చర్మం కడుతుంది.

ప్లాట్‌ఫారానికి సన్‌బోర్డు. ఎత్తు ప్లాట్‌ఫారమైతే పట్టా పైనుంచి 9 మిల్లీమీటర్లు, అంచు పట్టాల నడిమధ్య నుంచి 19.5. అతికించే ముందు పెట్టెను ఒకసారి తోసి చూడండి, రాసుకుంటే అర మిల్లీమీటరు జరపండి. పేరు పలక పసుపు, అక్షరాలు నలుపు: తెలుగు, హిందీ, ఇంగ్లీషు, అడుగున సముద్ర మట్టం నుంచి ఎత్తు. స్టికరు మీద ప్రింటు తీస్తే చాలు.

కరెంటు స్తంభాల దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. నిజంగా రెండు స్తంభాల మధ్య గరిష్ఠంగా 72 మీటర్లు, స్కేల్లో 83 సెంటీమీటర్లు. మీ పలక మీద రెండే స్తంభాలు! అందానికని నాలుగు పాతితే ట్రాము లైనులా ఉంటుంది. పట్టాల మధ్య నుంచి 32 మిల్లీమీటర్ల దూరం, తీగ పట్టా మీద 64 మిల్లీమీటర్ల ఎత్తు. తీగకి మోటారు వైండింగ్ షాపులో 38 గేజి రాగి తీగ అడగండి, 0.15 మిల్లీమీటర్లు. ఇది అన్నిటికంటే చివర్లో, లేకపోతే చెయ్యి తగిలి తెగుతూనే ఉంటుంది.

నేలకి అసలు ఎర్రమట్టే. బాణలిలో వేయించి పురుగు చంపి, పలచని గుడ్డలో జల్లించండి. ఫెవికాల్ తగిలాక రంగు ఒక మెట్టు ముదురుతుంది, కాబట్టి లేత మట్టి ఎంచుకోండి. పట్టా వెంట సర్కారు తుమ్మ పొదలు, ఒక మూల మామిడి తోట. మామిడి తల గుండ్రంగా, 6, 7 సెంటీమీటర్ల ఎత్తు, వరసలో 11 సెంటీమీటర్ల ఎడం. మూడు చెట్లు కనపడితే తోట అర్థమైపోతుంది. బైండింగ్ తీగ మెలేసి కొమ్మలు, మిక్సీలో పట్టి రంగేసిన స్పాంజి ఆకులు.

కొండ ఉత్తరాన, చూసేవాళ్లు దక్షిణాన. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ వాళ్ల వీపు వైపు నుంచే పడుతుంది. ఎల్ఈడీ స్ట్రిప్పు ముందు పైఅంచున బిగించండి, కొండ వెనక కాదు. అలమరా అర మీ కంటి ఎత్తులో ఉండాలి. ముందు 3 మిల్లీమీటర్ల అక్రిలిక్ అద్దం తప్పదు, మన దుమ్ము స్పాంజి ఆకుల్లోకి దిగితే బ్రష్షుతో రాదు.