అప్పు తెచ్చుకోమనే ముందు కట్ట విప్పించండి

రెండో తరగతి పిల్లలకి 32లోంచి 17 తీసెయ్యమని ఇచ్చి చూడండి, చాలామంది 25 అని వేస్తారు. 2లోంచి 7 పోదు కదా, అందుకని 7లోంచే 2 తీసేస్తారు. మనమేమో "పక్కనుంచి అప్పు తెచ్చుకో" అని పదిసార్లు అరుస్తాం. తెచ్చుకున్న ఆ ఒకటి నిజానికి పది అని ఆ పిల్లకి ఇంకా కనబడలేదు, అంతే. దానికి కోప్పడితే లెక్కలంటే భయం తప్ప ఇంకేం రాదు.

ముందు పిల్ల ఆలోచన ఎక్కడుందో చూడండి. ఆరు చింతపిక్కలు ఒక వరసలో, ఆరు ఇంకో వరసలో ఎదురెదురుగా పెట్టండి. రెండూ సమానమే అని తనే ఒప్పుకున్నాక, తన కళ్ల ముందే ఒక వరసలోని పిక్కల్ని ఎడంఎడంగా జరిపి ఎందులో ఎక్కువున్నాయో అడగండి. పొడుగ్గా ఉన్నదాంట్లో అంటే, ఇంకా కంటికి కనిపించిన దాన్నిబట్టే చెబుతోందన్నమాట. ఇది స్విట్జర్లాండ్‌కి చెందిన మనస్తత్వవేత్త జీన్ పియాజే చేసిన పరీక్షే. ఇలాంటి ఆలోచన సుమారు ఏడేళ్లకి మారుతుందని ఆయన అన్నాడు గానీ ఆ వయసుని గీత గీసినట్టు పట్టుకోకండి, ఒకే ఇంట్లో అక్కకీ తమ్ముడికీ తేడా ఉంటుంది. పైగా ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగితే, తను తప్పు చెప్పిందేమో అనుకుని జవాబు మార్చేసే పిల్లలూ ఉంటారు. అందుకే ఇంకో రోజు వేరే వస్తువులతో మళ్లీ చూడండి, తప్పు చెప్పినా దిద్దకండి.

ఇప్పుడు తీసివేత. చీపురు పుల్లలు తుంచి, పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టండి, కట్టేది పిల్లే అయితే ఇంకా మంచిది. మూడు కట్టలు, రెండు విడి పుల్లలు ముందు పెట్టి 17 ఇమ్మనండి. విడిగా ఏడు లేవు, కాసేపు దిక్కులు చూస్తుంది, మీరు నోరు మెదపకండి. తనే ఒక కట్ట విప్పుతుంది, విప్పకపోతే "ఈ కట్టలో ఏమున్నాయి?" అని మాత్రం అడగండి. విప్పితే విడివి పన్నెండు, ఏడు తీస్తే ఐదు. మిగిలిన రెండు కట్టల్లో ఒకటి ఇచ్చేస్తే మిగిలేది ఒక కట్ట, ఐదు పుల్లలు. అప్పు అంటే ఏంటో వేళ్లకి తెలిసేది ఇక్కడే.

కొన్ని రోజులు ఇలాగే ఆడించాక పలక మీద కట్టకి గీత, పుల్లకి చుక్క పెట్టి బొమ్మలతో చేయించండి. అంకెలు ఆ తర్వాతే. చేత్తో, బొమ్మతో, గుర్తుతో అని అమెరికా మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ చెప్పింది కూడా ఈ వరసే.

ఆరో తరగతిలో ఎక్స్, వై వచ్చినప్పుడు కూడా నేరుగా సమీకరణంలోకి దూకకండి. "ఒక సంఖ్య అనుకున్నాను, రెట్టింపు చేసి 3 కలిపితే 11 వచ్చింది, ఏంటది?" అని మాటల్లో ఆడించి, తర్వాత రాయించండి.

అంకెల్లోకి వెళ్లాక మళ్లీ 25 అని వేస్తే, నాలుగో తరగతి పిల్లాడైనా సరే, ఆ పుల్లల కట్టలు మళ్లీ తీసి ముందు పెట్టండి.