బీరువా జారాలంటే చెయ్యి ఏ ఎత్తులో వెయ్యాలి?

నిలువెత్తు స్టీలు బీరువాకి భుజం ఎత్తులో చెయ్యి ఆనించి తోస్తే చాలాసార్లు కాళ్లు కదలవు, తల మాత్రం ముందుకి వాలుతుంది. బరువెక్కువని అలా జరిగిందనుకుంటారు. నిజానికి కారణం కాళ్ల కింద నేల పట్టు, మీ చెయ్యి ఉన్న ఎత్తు.

బీరువా జారాలంటే మీ తోపు (ఘర్షణ గుణకం × బరువు) దాటాలి. ఘర్షణ గుణకం అంటే నేల పట్టు ఎంతో చెప్పే అంకె. ఒరగాలంటే అది ముందు కాళ్ల అంచు మీద తిరగాలి. దానికి (తోపు × చేతి ఎత్తు) అన్నది (బరువు × కాళ్ల మధ్య దూరంలో సగం) కన్నా ఎక్కువ కావాలి. ఏది తక్కువ బలానికి సాధ్యమైతే అదే ముందు జరుగుతుంది. రెంటినీ సమానం చేసి చూస్తే బరువు రెండు పక్కలా కొట్టుకుపోయి ఇది మిగులుతుంది:

హద్దు ఎత్తు = కాళ్ల మధ్య దూరం ÷ (2 × ఘర్షణ గుణకం)

ఈ ఎత్తుకి కింద తోస్తే జారుతుంది, పైన తోస్తే ఒరుగుతుంది. ఖాళీ చేసినంత మాత్రాన హద్దు ఎత్తు మారదు, తొయ్యాల్సిన బలం తగ్గుతుందంతే. అయినా పై అరలు ఖాళీ చెయ్యమనే చెబుతాం, ఎందుకో కిందకి వచ్చాక చూద్దాం.

కాళ్ల మధ్య దూరాన్ని తోసే దిక్కులోనే కొలవండి, బయటి అంచు నుంచి బయటి అంచుకి. కాళ్లు లోపలికి ఉంటే బీరువా లోతుని లెక్కలోకి తీసుకోకూడదు. తలుపులకి తాళం వెయ్యండి. తెరుచుకున్న తలుపు గరిమనాభిని (బరువంతా ఒక్కచోట ఉన్నట్టు లెక్కవేసే బిందువుని) ముందుకి లాగి లెక్క తప్పిస్తుంది.

ఘర్షణ గుణకం తెలియాలంటే మిగిలిపోయిన రెండడుగుల టైలు చాలు. కాళ్లకున్న రకం రబ్బరు బుష్‌లు మూడు దాని మీద పెట్టి, వాటి మీద ఇటుకని పడుకోబెట్టండి. టైలుని ఒక చివర మెల్లగా లేపండి. ఇటుక జారడం మొదలైన చోట ఆపి, లేచిన ఎత్తుని నేల మీద టైలు ఆక్రమించిన దూరంతో భాగించండి. ఎత్తు 31 సెంటీమీటర్లు, దూరం 51.5 అయితే గుణకం 0.6. ఇప్పుడు అదే ఇటుకని 3 అంగుళాల మందం వాలు వైపు ఉండేలా నిలబెట్టి మళ్లీ లేపండి. ఈసారి జారకముందే బోర్లా పడుతుంది. ఇటుకా అదే, పట్టూ అదే, మారింది నిలబడ్డ తీరు. ఇది ఒక్కసారి కళ్లారా చూస్తే సూత్రం ఇక మర్చిపోరు.

ఇప్పుడు బీరువాకి వద్దాం. ఎత్తు 198 సెంటీమీటర్లు, కాళ్ల దూరం ముందు వెనకలకి 48, పక్కలకి 90, బరువు 80 కిలోలు అనుకుందాం. గుణకం 0.6 అయితే వెనక నుంచి ముందుకి తోసేటప్పుడు హద్దు 40 సెంటీమీటర్లు, అంటే మోకాలి కన్నా కిందకి. పక్క నుంచి తోస్తే 75. కావలసిన బలం 48 కిలోలు. అంత బలంతో తోస్తే 60 కిలోల మనిషికి 0.6 పట్టున్న నేల మీద తన కాళ్లే జారతాయి, ఎందుకంటే ఆ నేల అతనికి ఇచ్చే ఆసరా 36 కిలోలే.

కాళ్ల కింద మడత పెట్టిన పొడి దుప్పటి వేసి గుణకం 0.3కి దించితే లెక్క పూర్తిగా మారిపోతుంది. బలం 24 కిలోలకి తగ్గుతుంది, హద్దు ముందు వెనకలకి 80, పక్కలకి 150 అవుతుంది. నేల ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి హద్దులో మూడింట రెండు వంతుల ఎత్తు దాటొద్దు. పక్క నుంచి అయితే 100 సెంటీమీటర్లు, దాదాపు నడుము ఎత్తు. వీలైనంత వరకు పక్క నుంచే తొయ్యండి. మేజోళ్లు విప్పెయ్యండి.

దుప్పటి వెయ్యడానికి ఇద్దరు కావాలి. ఒకరు పక్క నుంచి గునపం దూర్చి, కింద చెక్కముక్క ఆసరాగా పెట్టి రెండు కాళ్లని 3 సెంటీమీటర్లు లేపాలి. రెండోవారు మడతని కర్రతో లోపలికి నెట్టాలి, వేళ్లు పెట్టకూడదు. తర్వాత అవతలి పక్క. ముందు నుంచి లేపొద్దు: బీరువా సమంగా నిండి ఉంటే 48 సెంటీమీటర్ల వైపు కాళ్లు సుమారు 11 సెంటీమీటర్లు లేస్తే చాలు, పడిపోతుంది. 90 వైపు అయితే 37 దాకా ఆగుతుంది. పై అరల్లో బరువుంటే ఈ అంకెలు ఇంకా తగ్గుతాయి. ఖాళీ చెయ్యమన్నది అందుకే.

తోసేటప్పుడు వెనకపడే కాలి కింద ఒక పోస్టుకార్డు ఉంచండి. తోపు పెరిగేకొద్దీ భారం ముందు కాళ్ల మీదకి జరుగుతుంది. బీరువా కదలకముందే కార్డు సులువుగా బయటికి వచ్చేసిందంటే కాలు తేలిపోయిందన్నమాట. చెయ్యి కిందకి దించండి. తోస్తూ పైకి ఎత్తడం కూడా తప్పే, అది ఒరగడానికే సాయం చేస్తుంది. తాడుతో లాగేవాళ్లు ముందు వైపు కింది అంచుకి కట్టి, కొంచెం పైకి వాలుగా లాగితే ఘర్షణ తగ్గుతుంది, ఒరిగే భయం పెరగదు.

బీరువా పడే ప్రమాదం గడప దగ్గర కూడా ఉంది. జారుతూ వచ్చిన కాలు గడపకి తగిలి ఆగితే ఇక గుణకంతో పనిలేదు, అక్కడ జారడమన్నదే ఉండదు. గడపకి రెండడుగుల ముందే ఆగి, గడప ఎత్తుకి సమంగా చెక్క పలక పరచండి. లారీ ఎక్కించే వాలు పలక మీద అయితే నిలబెట్టి తీసుకెళ్లొద్దు. 48 వైపు వాలుకి పెడితే 100 సెంటీమీటర్లకి 25 లేచిన వాలు మీద ఎవరూ తోయకుండానే ఒరిగిపోతుంది, దుప్పటి ఉన్నా సరే. వెల్లకిలా పడుకోబెట్టి ఎక్కించండి.

వెనక కాళ్లు లేచి బీరువా ముందుకి వస్తుంటే, ముందు నిలబడి ఆపబోకండి. పక్కకి తప్పుకోండి.