లాన్ బౌల్స్ పోటీలో జట్టుగా ఎలా ఆడాలి? ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎవరు ఎప్పుడు మాట్లాడాలి?

మ్యాట్ మీద బంతి పట్టుకొని వంగింది ఒకాయన. సలహాలిచ్చేది ఏడుగురు. "ఇంకొంచెం కుడికి సామీ." "గట్టిగా వెయ్యి మామా." "వద్దొద్దు, నిదానంగా." తిరుపతిలో మా వాకింగ్ బ్యాచ్ మొదటిసారి లాన్ బౌల్స్ ఆడిన రోజు ఇదీ వరస. ఆయన ఎవరి మాటా వినలేక, బంతిని అడ్డంగా పట్టుకొని, అటు తిరగాల్సినదాన్ని ఇటు తిప్పి ముళ్లకంపలోకి పంపాడు.

ఉద్యోగం పేరుతో కోల్‌కతాలో ఉన్న ఆరేళ్లలో ఈ ఆట నాకు అంటుకుంది. రిటైరై వచ్చేటప్పుడు నాలుగు పాత బంతుల సెట్లు వెంట తెచ్చుకున్నాను. ఇక్కడ మాకు కొలతల ప్రకారం చేసిన గ్రీన్, అంటే ఆడే గడ్డి మైదానం, ఏమీ లేదు. తెలిసినవాళ్ల ఖాళీ స్థలంలో గడ్డి కత్తిరించి, రోలర్ తిప్పి, తాడు కట్టి దాన్నే రింకు, అంటే ఒక ఆటకు హద్దు కట్టిన గడ్డి పట్టీ, అనుకుంటున్నాం. శేషాచలం కొండ మీద ఎండ పడకముందే మొదలుపెట్టి ఎనిమిదికల్లా ముగిస్తాం. బంతి వేయడం వారంలో వచ్చేసింది అందరికీ. జట్టుగా ఆడటానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది. పోటీకి వెళ్లాలనుకునేవాళ్లకు ఆ నాలుగు నెలలు మిగులుతాయని ఇది రాస్తున్నాను.

ఆట తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. దూరంగా జాక్ అనే చిన్న బంతి ఉంటుంది, 63–64 మిల్లీమీటర్ల అడ్డకొలత. మన పెద్ద బంతుల్ని, అంటే బౌల్స్‌ని, దాని దగ్గరికి దొర్లించాలి. బౌల్ పూర్తి గుండ్రంగా ఉండదు. ఒక పక్కకు బయాస్, అంటే ఒరుగు, ఉంటుంది కాబట్టి వేగం తగ్గేకొద్దీ ఆ పక్కకు ఒరుగుతూ వంపు తిరుగుతుంది. బరువు 1.59 కిలోలు దాటకూడదు. అందరి బంతులూ అయ్యాక, జాక్‌కు దగ్గరగా మనవి మూడు ఉండి, నాలుగోది ఎదుటివాళ్లదైతే మనకు 3 షాట్లు, అంటే 3 పాయింట్లు, వాళ్లకు సున్నా. అంతవరకూ ఆడినదాన్ని ఒక ఎండ్ అంటారు. తర్వాత అటువైపు నుంచి ఇటు ఆడతారు. గోలీలాట ఆడినవాళ్లకు ఇందులో కొత్త ఏమీ లేదు, కొలతలూ మర్యాదలూ తప్ప.

1. పనులు పంచుకోండి, ఆపైన మార్చకండి

నలుగురి ఆటలో మనిషికి రెండు బంతులు. రెండు జట్లవీ కలిపి ఎండ్‌కు 16. ఆడే వరస లీడ్, సెకండ్, థర్డ్, స్కిప్. మొదటి ఎండ్‌లో ఏ వరసలో ఆడితే ఆట అయ్యేదాకా అదే వరస. మధ్యలో "ఈసారి నేను చివర్న వేస్తా" అంటే కుదరదు.

లీడ్ మ్యాట్ పరచి, జాక్ దొర్లించి, అది రింకు మధ్యగీత మీదికి వచ్చిందో లేదో చూసుకొని మొదటి బంతి వేస్తాడు. సెకండ్ చేతిలో సాధారణంగా స్కోరు కార్డు ఉంటుంది. ఎవరి షాటో తేలనప్పుడు కొలిచేది థర్డ్. జట్టంతా స్కిప్ చెప్పినట్టు నడుస్తుంది. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు, నిబంధనల్లోనే ఉంది.

మా జట్టు స్కిప్ నా తమ్ముడి కూతురు, అందరిలోకీ చిన్నది. "పెదనాయనా, కొట్టొద్దు, పక్కన పెట్టు చాలు" అంటే పెట్టాల్సిందే. మొదట్లో నాకు మనసొప్పలేదు. మనింట్లో పెద్దరికం ఎలా పని చేస్తుందో తెలిసిందే కదా. కానీ మ్యాట్ దగ్గర నిలబడినవాడికి 30 మీటర్ల అవతల బంతుల మధ్య సందు కనిపించదు. హెడ్ దగ్గర, అంటే జాక్ చుట్టూ బంతులు చేరిన చోట నిలబడిన మనిషికే కనిపిస్తుంది.

2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో మన దేశానికి ఈ ఆటలో తొలి పతకం తెచ్చింది కూడా ఇలా పనులు పంచుకున్న నలుగురే. లీడ్ లవ్లీ చౌబే, సెకండ్ పింకీ, థర్డ్ నయన్‌మోని సైకియా, స్కిప్ రూపా రాణీ తిర్కీ. సెమీఫైనల్లో న్యూజిలాండ్ మీద 0-5తో వెనకబడి 16-13తో గెలిచారు. ఫైనల్లో దక్షిణాఫ్రికాతో 10-10 దాకా వచ్చి 17-10తో బంగారం కొట్టారు. ఆ వీడియో దొరికితే బంతుల్ని కాకుండా, బంతి వేయనివాళ్లు ఏం చేస్తున్నారో చూడండి.

2. టాస్, మ్యాట్, జాక్

ఆటకు ముందు అటొకటి, ఇటొకటి ట్రయల్ ఎండ్ ఆడనిస్తారు. గడ్డి ఎంత వేగంగా ఉందో అప్పుడే చూసుకోవాలి. టాస్‌తో ఎవరు మొదలుపెట్టాలో తేలుతుంది. ఆపై సాధారణంగా ఎండ్ గెలిచినవాళ్లే తర్వాతి ఎండ్ మొదలుపెడతారు. మ్యాట్ ముందు అంచు వెనక డిచ్‌కు కనీసం 2 మీటర్లు, ఎదుటి డిచ్‌కు కనీసం 25 మీటర్ల దూరంలో ఉండాలి. డిచ్ అంటే గ్రీన్ చివర్న ఉండే సన్న కాలువ. జాక్ మ్యాట్ నుంచి 23 మీటర్లు దాటి ఆగాలి. అందకపోయినా, పక్క రింకులోకి పోయినా ఎదుటి జట్టు జాక్ వేస్తుంది, మొదటి బంతి మాత్రం మనదే. వాళ్లదీ తప్పితే జాక్‌ను ఎదుటి డిచ్‌కు 2 మీటర్ల దగ్గర పెట్టేస్తారు.

బంతి వదిలే క్షణంలో ఒక పాదం మొత్తమో కొంతో మ్యాట్ మీదో, దానిపైన గాల్లోనో ఉండాలి. మొదటి తప్పుకు అంపైర్ హెచ్చరిస్తాడు, మళ్లీ చేస్తే ఆ బంతి లెక్కలోకి రాదు. చెప్పులూ మడమ బూట్లూ వద్దు, అడుగు చదునుగా ఉండే బూట్లే వేసుకోండి. గ్రీన్ మీద ఒక గుంత పడితే దాన్ని చదును చేయడానికి ఎంత పని పడుతుందో రోలర్ లాగినవాడికే తెలుసు.

3. రింకు ఎవరిదో ప్రతి క్షణం గుర్తుంచుకోండి

ఈ వ్యాసంలో ఒక్కటే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. బంతి వేయబోయే జట్టుదే రింకు. అది దొర్లి ఆగేదాకా వాళ్లదే. ఆగగానే ఎదుటి జట్టుది అవుతుంది. బంతి జాక్‌ను తాకి ఉంటే దానికి చాక్‌పీస్‌తో గుర్తు పెట్టేంత వ్యవధి మాత్రం ఇవ్వాలి.

రింకు మనది కానప్పుడు మనం హెడ్ దగ్గరికి పోయి బంతులు పరిశీలించడం, చేతులూపడం, మనవాడికి సైగలు చేయడం, నవ్వుకోవడం, ఏదీ చేయకూడదు. ఎదుటివాడిని కదిలించిందనో, చికాకు పెట్టిందనో అంపైర్‌కు అనిపిస్తే మొదటిసారి హెచ్చరిక. ఆపైన జరిగిన ప్రతిసారీ మన జట్టు వేసిన చివరి బంతి చెల్లదు. మన క్రికెట్ అలవాటుకు ఇది కొరుకుడు పడదు. టెన్నిస్ బంతితో వీధి క్రికెట్ ఆడేటప్పుడు బ్యాట్స్‌మన్ చెవి పక్కన అరవడమే సగం ఫీల్డింగ్ కదా మనకు.

నిలబడే చోటుకీ లెక్కుంది. మ్యాట్ వైపు ఉన్నవాళ్లు మ్యాట్‌కు కనీసం మీటరు వెనక ఉండాలి. హెడ్ వైపు ఉన్నవాళ్లు జాక్‌కు వెనక, బంతులకు దూరంగా. ఆట నడిపించే స్కిప్ మాత్రం రింకు తమదైనప్పుడు జాక్ ముందుకొచ్చి "ఈ దారిలో రా" అని చూపించవచ్చు. బంతి చెయ్యి వదలగానే తనూ వెనక్కి వెళ్లిపోవాలి. పొద్దున పూట ఇంకో చిక్కుంది: నీడలు పొడుగ్గా పడతాయి. మీ నీడ జాక్ మీద పడితే మ్యాట్ దగ్గరున్నవాడికి అది కనిపించదు. పక్కకు జరగండి, ఎవరూ అడగక్కర్లేదు.

చూడ్డానికి వచ్చినవాళ్లు రింకు హద్దు బయటే ఉండాలి, సలహాలివ్వకూడదు. కోచ్ ఒక్కడికే మినహాయింపు. మా స్థలం దగ్గర పాలు పోయడానికి వచ్చే అబ్బాయి సైకిల్ ఆపి సలహా ఇచ్చి పోతుంటాడు. నిజం చెప్పాలంటే చాలాసార్లు వాడే కరెక్టు. అయినా పోటీలో చెల్లదు.

4. స్కిప్ ఎలా మాట్లాడాలి

తక్కువగా. బంతి వేసే ముందు ఎక్కడికి రావాలో చేత్తో చూపించి, ఒక్క మాట చెబితే చాలు. ఆగాక జాక్‌కు ఎంత దూరంలో ఉందో చెప్పాలి. "జానెడు ముందు ఆగింది", "రెండడుగులు దాటింది", ఇలా. "ఏందన్నా అట్లా వేశావు?" అనే మాట వల్ల రెండో బంతి ఇంకా చెడుతుంది. మా ఆటల్లో ఇది లెక్కలేనన్నిసార్లు చూశాను.

థర్డ్‌ల బంతులు అయ్యాక స్కిప్‌లు మ్యాట్ దగ్గరికి నడుస్తారు, హెడ్ బాధ్యత థర్డ్‌లకు వస్తుంది. ఎదురుపడినప్పుడు నాలుగు ముక్కలు మాట్లాడుకోండి కానీ రింకు మధ్యలో మీటింగ్ పెట్టకండి. కావాలని ఆలస్యం చేయడం కూడా తప్పే. ఎవరు ఎప్పుడు హెడ్ దగ్గరికి నడవచ్చో కొన్ని పోటీలు ప్రత్యేకంగా షరతులు పెడతాయి. పేరు ఇచ్చేటప్పుడే ఆ కాగితం అడిగి చదువుకోండి.

5. చెల్లేవి, చెల్లనివి

దొర్లేటప్పుడు జాక్‌ను తాకిన బంతి టచర్. అది తర్వాత మన రింకు హద్దుల్లోనే డిచ్‌లో పడినా బతికే ఉంటుంది. తాకనిది డిచ్‌లో పడితే పోయినట్టే. హద్దు బయట ఆగినా, మ్యాట్ నుంచి 14 మీటర్లు రాకపోయినా పోయినట్టే. వరస తప్పి ఎవరైనా బంతి వేస్తే ఎదుటి స్కిప్ దాన్ని దారిలోనే ఆపి వెనక్కి పంపవచ్చు. గొడవ అక్కర్లేదు.

6. లెక్క తేలేదాకా కాలు కదపకండి

ఇక్కడ నా సొంత అవమానం ఒకటి చెప్పాలి. కోల్‌కతాలో ఒక స్నేహపూర్వక మ్యాచ్. నేను సెకండ్‌ని. ఆఖరి బంతి ఆగింది. మా బంతి ఒకటి, వాళ్లది ఒకటి జాక్‌కు అటూ ఇటూ ఉన్నాయి. మాది రెండు వేళ్ల మందం దగ్గరని నాకు స్పష్టంగా కనిపిస్తోంది. బంతులు పోగేసే తొందరలో నా బూటు కొన మా బంతికే తగిలింది, జానెడు దొర్లింది. ఆటగాడు కదిపిన బంతిని తిరిగి పెట్టేది ఎదుటి జట్టు మనిషి. వాళ్ల థర్డ్ వంగి, దాన్ని ఎత్తి, ఒకచోట పెట్టి, నా వైపు చూసి "ఇక్కడేనా?" అన్నాడు. ఏమనగలను? టేపు పెట్టి చూస్తే వాళ్లదే వెంట్రుకవాసి దగ్గర. అతను మోసం చేశాడని ఇప్పటికీ అనను, అతని కంటికి అది అక్కడే ఉండి ఉంటుంది. మా స్కిప్ నన్ను ఒక్క మాట అనలేదు. అరిచి ఉంటే బాగుండు అనిపించింది.

కాబట్టి వరస ఇది. ఎండ్ పూర్తయ్యేదాకా షాట్ కోసం టేపు బయటికి తీయకూడదు. పూర్తయ్యాక రెండు జట్ల థర్డ్‌లు మాత్రమే ముందుకు రావాలి, మిగతావాళ్లు వెనక్కి. ఏదైనా బంతి ఒరిగి పడిపోయేలా ఉంటే, అడిగితే 30 సెకన్లు ఆగి చూడాలి. ఒప్పుకున్న షాట్లు ఒక్కొక్కటిగా పక్కకు తీస్తూ పైకి లెక్కపెట్టాలి. ఒప్పుకోని బంతి దగ్గర ఆగి కొలవాలి. థర్డ్‌లకు తేలకపోతే స్కిప్‌లు, వాళ్లకూ తేలకపోతే అంపైర్. అంపైర్ లేని చోట ఆట తెలిసిన, రెండు జట్లకూ చెందని మనిషిని పిలవాలి. ఆయన చెప్పాక మళ్లీ టేపు అడగొద్దు.

లెక్క తేలగానే సెకండ్‌లు ఇద్దరూ కార్డులు పక్కపక్కన పెట్టి సరిచూసుకోవాలి, ప్రతి ఎండ్‌కూ. 18వ ఎండ్‌లో 7వ ఎండ్ గురించి వాదించుకుంటే ఎవరికీ ఏమీ గుర్తుండదు.

7. గెలిచినా ఓడినా

ఎదుటివాళ్లు మంచి బంతి వేస్తే బాగుందనండి, పైకే అనండి. మన బంతి వేరేదానికి తగిలి అనుకోకుండా జాక్ పక్కకు చేరితే గంతులేయకండి, ఒక చెయ్యెత్తి అదృష్టమని ఒప్పుకోవడం ఈ ఆటలో పద్ధతి. ఎవరికైనా ఒంట్లో బాగాలేక బయటికి వెళ్లాల్సి వస్తే ఆట 10 నిమిషాలకు మించి ఆగకూడదు. మన చిత్తూరు, తిరుపతి ఎండల్లో ఇది ఉత్త నిబంధన కాదు. నీళ్లు, టోపీ, తుడుచుకోవడానికి ఒక తుండు రింకు బయట పెట్టుకోండి. ఫోను సైలెంట్‌లో.

ఆట అయ్యాక అందరితో చేతులు కలిపి, స్కిప్‌లు కార్డుల మీద సంతకాలు పెట్టి సమయం రాయాలి. ఆ తర్వాత బంతులు తుడిచి, గుర్తులు చూసి ఎవరి సెట్టు వాళ్లు సర్దుకోండి. ఒక సెట్టులో బంతులన్నిటిమీదా ఒకే గుర్తు ఉంటుంది, కలగలిస్తే బయాస్ తేడా వచ్చి వచ్చేవారం అందరూ గడ్డిని తిడతారు. కదిలేముందు 16 ఉన్నాయో లేవో లెక్కపెట్టండి. మాకు ఇప్పటికీ 15 ఉన్నాయి. పదహారోది ఆ ముళ్లకంపలోనే ఉంది. కత్తి పట్టుకొని దిగడానికి ఒకరు ఒప్పుకున్నారు, పాము ఉండదని ఎవరైనా హామీ ఇస్తే.